ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ ట్రెక్: ఏ శిఖరం ఏదో గుర్తుపడుతూ వెళ్ళడం ఎలా (పూర్తి గైడ్)

ముందే ఒక మాట చెప్పేస్తా. బేస్‌క్యాంప్ దాకా నడిచి వెళ్తే అక్కడ్నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు. ఎనిమిది రోజులు కష్టపడి 5,364 మీటర్ల దాకా ఎక్కి, అక్కడ నిలబడి "ఇంతకీ ఎవరెస్ట్ ఏది?" అని గైడ్‌ని అడిగేవాళ్ళని నా కళ్ళతో చూశాను, పాపం వాళ్ళ తప్పు కాదు, ఎవరూ ముందు చెప్పరు. ఈ ట్రెక్‌లో ఎవరెస్ట్ కొన్ని చోట్ల మాత్రమే, కొద్దిసేపే, అదీ కొంచెమే కనిపిస్తుంది. మిగతా రోజులన్నీ మనం నడిచేది దాని చుట్టూ ఉన్న కొండల మధ్యే. ఆ కొండల్ని పేరుపేరునా గుర్తుపడుతూ వెళ్తే ట్రెక్ మొత్తం వేరేలా ఉంటుంది. అందుకే ఈ గైడ్‌లో పర్మిట్లు, సామాన్లు, ఆరోగ్యం అన్నీ చెప్తాను గానీ ఎక్కువగా ఏ రోజు ఎటు తిరిగి ఏం చూడాలో చెప్తాను.

స్టెప్ 1: ఇంట్లో ఉండగానే నాలుగు పేర్లు నేర్చుకోండి

టిబెటన్ భాషలో "త్సే" అంటే శిఖరం. "ల్హో" అంటే దక్షిణం, "నుప్" అంటే పడమర, "చాంగ్" అంటే ఉత్తరం. ఈ నాలుగు ముక్కలు వస్తే సగం మ్యాప్ వచ్చేసినట్టే. ల్హోత్సే అంటే దక్షిణ శిఖరం (8,516 మీటర్లు, ప్రపంచంలో నాలుగో ఎత్తైనది), నుప్త్సే అంటే పడమటి శిఖరం (7,861 మీటర్లు), చాంగ్‌త్సే అంటే ఉత్తర శిఖరం (7,543 మీటర్లు, ఇది టిబెట్ వైపు ఉంటుంది). దేనికి దక్షిణం, దేనికి పడమర అంటే ఎవరెస్ట్‌కే. మధ్యలో అమ్మవారి గుడి ఉంటే చుట్టూ వీధులకి తూర్పు వీధి, పడమటి వీధి అని పేర్లు పెట్టుకున్నట్టు పెట్టుకున్నారన్నమాట. ఆ మధ్యలో ఉన్నదాన్ని టిబెటన్లు, షెర్పాలు చోమోలుంగ్మా అంటారు, నేపాల్‌లో సాగరమాత అంటారు, 2020 డిసెంబర్‌లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు.

ఇప్పుడు అసలు సంగతి. మనం వెళ్ళేది నైరుతి దిక్కు నుంచి. అంటే ల్హోత్సే, నుప్త్సే రెండూ మనకీ ఎవరెస్ట్‌కీ మధ్య అడ్డంగా నిలబడి ఉంటాయి, అదీ విడివిడిగా కాదు, రెండూ కలిసిపోయి ఒక పెద్ద గోడలాగా. ఆ గోడ వెనక నుంచి ఎవరెస్ట్ కొస మాత్రమే తొంగి చూస్తుంది. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా, అందుకే కొత్తవాళ్ళు చాలామంది ల్హోత్సేని చూసి ఎవరెస్ట్ అనుకుని ఫోటోలు తీసేసుకుంటారు. నేనూ మొదటిసారి అలాగే తీసుకున్నాను, ఇంటికొచ్చాక తెలిసి చాలా బాధేసింది. ఒకప్పుడు సర్వే వాళ్ళకీ ఇదే పరిస్థితి, 1852లో ఆ సర్వేలోనే పనిచేసే రాధానాథ్ సిక్దర్ లెక్కలు తేల్చేదాకా కాంచన్‌జంగానే అన్నిటికన్నా ఎత్తు అనుకునేవాళ్ళు, ఎవరెస్ట్‌కి అప్పటికి పేరు కూడా లేదు, శిఖరం 15 అని ఒక నంబర్ మాత్రమే.

ఎవరెస్ట్‌ని గుర్తుపట్టడానికి మూడు గుర్తులు చెప్తాను. ఒకటి, అది నల్లగా ఉంటుంది, మనకి కనిపించే నైరుతి ముఖం బాగా నిటారు, పైగా గాలి మంచుని నిలవనివ్వదు. రెండు, కొస నుంచి తెల్లటి తోకలాగా మేఘం ఒక పక్కకి సాగి ఉంటుంది, పైన వీచే జెట్ స్ట్రీమ్ గాలులే దానికి కారణం (ప్రతిరోజూ ఉండకపోవచ్చు). మూడు, అది గోడకి వెనక ఉంటుంది, ముందు కాదు, దాని కింది భాగం ఎప్పుడూ కనపడదు. నల్లటి త్రికోణం, దాని కుడి పక్కన దానికన్నా పెద్దగా కనిపించేది ల్హోత్సే. ఇంతే.

ఫోన్‌లో పీక్‌ఫైండర్ లాంటి యాప్ ఒకటి వేసుకోండి, నెట్ లేకపోయినా కెమెరా ముందు పేర్లు చూపిస్తుంది. కానీ యాప్ మీదే ఆధారపడొద్దు, చలికి ఫోన్ బ్యాటరీ గంటలో పడిపోతుంది.

స్టెప్ 2: ఎప్పుడు వెళ్ళాలి

అక్టోబర్, నవంబర్ లేదా మార్చి చివర్నుంచి మే మధ్య దాకా. శిఖరాలు చూడటమే ముఖ్యం అనుకుంటే నా ఓటు అక్టోబర్ రెండో సగం, నవంబర్‌కే, వానలు వెలిసి గాలి కడిగినట్టు ఉంటుంది. ఏప్రిల్, మేలో అయితే మధ్యాహ్నానికి మబ్బులు కమ్మేస్తాయి, కానీ బేస్‌క్యాంప్‌లో ఎక్కేవాళ్ళ టెంట్లు నిండా ఉండి సందడిగా ఉంటుంది, రోడోడెండ్రాన్ పూలు కూడా అప్పుడే. శరదృతువులో వెళ్తే బేస్‌క్యాంప్ దాదాపు ఖాళీ, రాళ్ళు, మంచే. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వద్దు.

ఏ సీజన్‌లో అయినా ఒక రూల్: పొద్దున పదింటి లోపల చూసిందే చూసినట్టు. మధ్యాహ్నం తర్వాత కొండలు మబ్బులోకి వెళ్ళిపోతాయి. అందుకే ప్రతిరోజూ ఆరున్నర, ఏడుకల్లా నడక మొదలుపెట్టండి.

స్టెప్ 3: కాగితాలు, డబ్బు

మనవాళ్ళకి నేపాల్‌కి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డ్ గానీ ఉండాలి, ఆధార్ చూపించి వెళ్ళిపోదాం అనుకుంటే 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వాళ్ళకి కుదరదు. పర్మిట్లు రెండు: సాగరమాత నేషనల్ పార్క్ టికెట్ (సార్క్ దేశాల వాళ్ళకి 1,500 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకి 3,000, అందుకని కౌంటర్‌లో ఇండియన్ అని గుర్తింపు కార్డు తప్పకుండా చూపించండి), రెండోది ఖుంబు పసాంగ్ ల్హాము గ్రామీణ పాలిక వాళ్ళ లోకల్ పర్మిట్, అది విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లాలోనే ఇస్తారు.

మన 100 రూపాయలకి 160 నేపాలీ రూపాయలు, ఇది ఫిక్స్‌డ్ రేటు. దారిలో వచ్చే పెద్ద ఊరు నామ్చేలో ఏటీఎంలు ఉన్నాయి గానీ అవి పనిచేస్తాయని నమ్ముకుని వెళ్ళొద్దు, ఖాట్మండులోనే క్యాష్ తీసి పెట్టుకోండి. టీ హౌస్‌లలో (దారిలో ఉండే చిన్న లాడ్జీలు) గది చవకే, కానీ తిండి అక్కడే తినాలి, పైకి వెళ్ళేకొద్దీ ప్రతిదాని రేటూ పెరుగుతుంది ఎందుకంటే అది మనిషి వీపు మీదో యాక్ వీపు మీదో వచ్చింది కాబట్టి, బేరాలు ఆడకండి దయచేసి. వేడినీళ్ళ స్నానానికి, ఫోన్ చార్జింగ్‌కి, వైఫైకి విడిగా డబ్బులు. దాల్ భాత్ తీసుకుంటే మళ్ళీ వడ్డిస్తారు, అన్నం, పప్పు, కూర, మనకి అలవాటైన తిండే.

ఇన్సూరెన్స్ తప్పనిసరి, 6,000 మీటర్ల ఎత్తు దాకా హెలికాప్టర్ రెస్క్యూ కవర్ అవుతుందో లేదో పాలసీలో చదివి చూస్కోండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి అంత ఎత్తు ఉండదు.

స్టెప్ 4: ఒళ్ళు, సామాను

రెండు మూడు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు మెట్లు ఎక్కండి, వీపు మీద ఆరేడు కిలోల బ్యాగ్‌తో. జిమ్‌లో కండలు కన్నా ఇది ముఖ్యం, అంతకన్నా ముఖ్యం దిగడం ప్రాక్టీస్ చేయడం, మోకాళ్ళు పాడయ్యేది దిగేటప్పుడే. కొత్త బూట్లు వేసుకుని రావద్దు, కనీసం ఒక నెల వాడినవి వేసుకోండి. డౌన్ జాకెట్, మైనస్ డిగ్రీలకి పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్ (ఖాట్మండు థమేల్‌లో అద్దెకి దొరుకుతాయి), మంచి గ్లవ్స్, చలువ కళ్ళద్దాలు, హెడ్‌ల్యాంప్, నీళ్ళు శుభ్రం చేసుకునే బిళ్ళలు. జీన్స్ మాత్రం తేవద్దు.

స్టెప్ 5: రోజువారీ నడక, ఎక్కడ ఏం చూడాలి

మొత్తం రానూపోనూ సుమారు 130 కిలోమీటర్లు, 12 రోజులు. దీనికి ఇంకో రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి, లుక్లా విమానాలు వాతావరణం బాగాలేకపోతే ఎగరవు, రెండు రోజులు వరసగా ఆగిపోవడం మామూలే.

మొదటి రోజు విమానం. రద్దీ సీజన్‌లో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా మంథలి నుంచి వెళ్తాయి, అంటే అర్ధరాత్రి బయల్దేరి నాలుగైదు గంటలు జీపులో వెళ్ళాలి. విమానంలో ఎడమ పక్క కిటికీ సీట్లో కూర్చోండి, హిమాలయాలన్నీ ఆ వైపే. లుక్లా రన్‌వే 527 మీటర్లే, అదీ వాలుగా కొండ ఎక్కినట్టు ఉంటుంది, దిగగానే లోయకి అవతల కనిపించే పెద్ద కొండ కోంగ్‌దే. ఆ రోజు దిగువకి ఫాక్‌డింగ్ (2,610) దాకా నడక, తేలిక. దారిలో థాడో కోశీ వంతెన దగ్గర ఆగి కుడి పక్క లోయలోకి తల ఎత్తి చూడండి, కుసుమ్ కాంగురు కనిపిస్తుంది.

రెండో రోజు మోంజోలో పార్క్ గేటు, తర్వాత నది మీద ఎత్తైన హిల్లరీ వంతెన, అది దాటాక నామ్చే (3,440) దాకా ఆరు వందల మీటర్ల ఎక్కుడు. ఇక్కడే చాలామంది తొందరపడి మొత్తం ట్రెక్ పాడు చేసుకుంటారు. మెల్లగా, నోటితో కాకుండా ముక్కుతో ఊపిరి తీస్కోగలిగే స్పీడులో నడవండి. సగం ఎక్కాక ఒక మలుపు దగ్గర జనం కూర్చుని ఉంటారు, పైన్ చెట్ల సందులోంచి చూస్తే మొదటిసారి ఎవరెస్ట్ కొస. మీరు మధ్యాహ్నం వెళ్తే కనిపించకపోవచ్చు, దిగులు పడకండి.

ఇంకొకటి, దారిలో యాక్‌లు, జోప్క్యోలు (యాక్‌కీ ఆవుకీ పుట్టినవి) ఎదురొస్తే కొండ వైపు జరిగి నిలబడండి, లోయ వైపు ఎప్పుడూ కాదు, వాటి మీద ఉన్న మూటలు తగిలితే కిందకే. మంత్రాలు చెక్కిన మణి రాళ్ళు, స్తూపాలు వస్తే వాటిని మన కుడి చేతి వైపు ఉంచుకుని ఎడమ పక్కగా వెళ్ళాలి, ప్రదక్షిణ లాగానే కాబట్టి మనకి గుర్తుపెట్టుకోవడం తేలిక.

మూడో రోజు నామ్చేలోనే ఆగాలి, కానీ గదిలో పడుకోకూడదు. పొద్దున్నే ఎవరెస్ట్ వ్యూ హోటల్ (3,880) దాకా ఎక్కి రండి. ఈ గైడ్ మొత్తంలో ఒక్కచోట ఒక గంట ఖాళీగా కూర్చోండి అని చెప్పాల్సొస్తే ఇక్కడే చెప్తాను. ఎడమ నుంచి కుడికి ఇలా చదవండి: ముందు తాబోచే, తర్వాత పొడవుగా నుప్త్సే గోడ, దాని వెనక నల్లగా ఎవరెస్ట్, దాని పక్కనే ల్హోత్సే, తర్వాత లోయ, లోయకి అవతల ఒంటరిగా అమా దబ్లామ్ (6,812), ఇంకా కుడికి కాంగ్‌తేగా, తామ్‌సెర్కు. ఒకసారి చదివి కళ్ళు మూసుకుని మళ్ళీ చెప్పుకోండి, రేపట్నుంచి ఇవే కొండలు వేరే వేరే మొహాలతో కనిపిస్తాయి కాబట్టి ఈ వరస గట్టిగా పట్టుకోవాలి.

వెనక్కి తిరిగితే ఖుమ్‌జుంగ్ ఊరి మీద నల్లటి రాతి కొండ ఒకటి, ఖుంబిలా (5,761). చుట్టూ ఉన్నవాటితో పోలిస్తే చిన్నది, కానీ దాన్ని ఎవరూ ఎక్కరు. ఖుంబు ప్రాంతానికి కాపలా దేవుడు అక్కడ ఉంటాడని షెర్పాల నమ్మకం. ఎవరెస్ట్‌ని పది సార్లు ఎక్కిన మనిషి కూడా ఊరి పక్కనున్న ఈ కొండకి దణ్ణం పెట్టి ఊరుకుంటాడు. నాకు ఈ ట్రెక్‌లో ఎక్కువ నచ్చిన కొండ అదే.

నాలుగో రోజు తెంగ్‌బోచే (3,860). పొద్దున నడిచే దారి కొండ పక్కగా చదునుగా ఉండి ఎదురుగా ఎవరెస్ట్, ల్హోత్సే కనిపిస్తూనే ఉంటాయి, తర్వాత నది దాకా దిగి మళ్ళీ నిటారుగా ఎక్కాలి. అక్కడ మఠం 1989లో కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. సాయంత్రం మఠం ముందు మైదానంలో నిలబడండి, మబ్బులు విడితే లోయ చివర నుప్త్సే గోడ మీద చివరి ఎండ పడుతుంది.

ఐదో రోజు పాంగ్‌బోచే మీదుగా దింగ్‌బోచే (4,410). ఈ రోజు మొత్తం అమా దబ్లామ్‌దే. అమా అంటే అమ్మ, రెండు వైపులా సాగిన గట్లు బిడ్డని దగ్గరికి తీసుకోవడానికి చాపిన చేతుల్లాగా ఉంటాయి. దబ్లామ్ అంటే షెర్పా ఆడవాళ్ళు మెడలో వేసుకునే తాయెత్తు లాంటి చిన్న పెట్టె. శిఖరం కింద గుండె దగ్గర వేలాడుతున్న మంచుగడ్డే ఆ తాయెత్తు. పాంగ్‌బోచే దగ్గర ఆగి బాగా చూడండి, ఎండ పక్కనుంచి పడినప్పుడు ఆ మంచుగడ్డ అంచు నీలంగా, దాని కింద నీడ నల్లగా, నిజంగా గొలుసుకి వేలాడుతున్నట్టే ఉంటుంది. అందంగా ఉందని అనుకునేలోపు ఇది కూడా తెలుసుకోవాలి, 2006 నవంబర్‌లో అందులోంచి ఒక ముక్క విరిగిపడి పైన క్యాంపులో ఉన్న ఆరుగురు పోయారు. దింగ్‌బోచే చేరాక వెనక్కి చూస్తే అదే కొండ పూర్తిగా మారిపోయి ఉంటుంది, నాకైతే గైడ్ చెప్పేదాకా నమ్మబుద్ధి కాలేదు. ఇక ఎవరెస్ట్‌కి ఇక్కడితో సెలవు, నుప్త్సే గోడ కిందకి వచ్చేశాం కాబట్టి చివర్లో ఎక్కే కాలాపత్తర్ గుట్ట దాకా దాన్ని మర్చిపోండి.

ఆరో రోజు మళ్ళీ రెస్ట్. ఊరి వెనక నాంగ్‌కార్త్‌షాంగ్ గట్టు (5,083) మీదకి ఎంత వీలైతే అంత ఎక్కి రండి. పైనుంచి తూర్పున దూరంగా మకాలు కనిపిస్తుంది, 8,485 మీటర్లు, ప్రపంచంలో ఐదోది. లోయ మధ్యలో ఒక్కటే విడిగా నిలబడింది ఐలాండ్ పీక్, మంచు సముద్రంలో దీవిలాగా ఉంటుందనే ఆ పేరు. ఎడమ చేతి వైపు నెత్తిమీద పడేటట్టు ఉన్నది ల్హోత్సే దక్షిణ ముఖం.

ఈ ఆరో రోజుని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు. మొదటిసారి మాకు ఒక ఏజెంటు డబ్బులు తగ్గుతాయని చెప్పి ఈ రోజు తీసేసి ప్లాన్ ఇచ్చాడు, మాకూ తెలియక సరే అన్నాం. ఫలితం కింద చెప్తాను.

ఏడో రోజు లోబుచే (4,940). ఎడమ పక్కన తాబోచే, చోలాత్సే జంటగా వస్తాయి. తుక్లా ఎక్కాక పైన రాళ్ళతో కట్టిన గుర్తులు, జెండాలు, కొండల్లో పోయినవాళ్ళవి, ఎక్కువ షెర్పాలవే. అక్కడ కాసేపు మాట్లాడకుండా నడవండి.

ఎనిమిదో రోజు గోరక్‌షెప్ (5,164), బ్యాగ్ పడేసి మధ్యాహ్నానికి బేస్‌క్యాంప్ వెళ్ళి రావడం. ఎదురుగా ఖుంబు ఐస్‌ఫాల్ ముక్కలు ముక్కలుగా మెట్లు మెట్లుగా దిగుతూ కనిపిస్తుంది, నుప్త్సేకీ ఎవరెస్ట్ పశ్చిమ భుజానికీ మధ్య ఉన్న లోయలోంచి. ఎవరెస్ట్ కొస ఆ భుజం వెనకే ఉంది. ఉత్తరంగా ఉన్న కనుమ ల్హో లా, దాని అవతల టిబెట్. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది ఆ అవతలి వైపు నుంచే, ఆ కనుమ చూసినప్పుడు నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

స్టెప్ 6: తలనొప్పి మొదలైతే ఏం చేయాలి

గోరక్‌షెప్ పైన గాలి మనకి అలవాటైనదానిలో దాదాపు సగమే. రూల్ సింపుల్: 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి సుమారు 500 మీటర్ల కన్నా పెంచకూడదు, మూడు నాలుగు రోజులకి ఒకసారి ఆగాలి. నీళ్ళు బాగా తాగాలి, మందు, సిగరెట్ మానాలి. డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) గురించి వెళ్ళేముందే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు మరీ ముఖ్యంగా.

కొంచెం తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి, అప్పుడు ఇంకా పైకి వెళ్ళకుండా అక్కడే ఆగాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు, గులాబీ రంగు కళ్ళె వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. మాట తడబడటం, తాగినవాడిలా తూలడం అయితే మెదడు వాపు. ఈ రెండిటికీ అర్ధరాత్రయినా సరే వెంటనే కిందకి దించడమే పని.

మా ఫ్రెండ్‌కి లోబుచేలో అదే జరిగింది, ఆరో రోజు రెస్ట్ తీసేసిన ఫలితం. రాత్రి భోజనం దగ్గర మాట్లాడటం తగ్గించేశాడు, అలిసిపోయాడు అనుకున్నాం. గైడ్ దాజు (నేపాలీలో అన్న) మాత్రం పళ్ళెం పక్కన పెట్టి వాణ్ణి లేపి, నేల మీద చెక్కల మధ్య గీత చూపించి, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ళకి తగిలేలా ఆ గీత మీద నడవమన్నాడు. నాలుగో అడుగుకే పక్కకి తూలి బల్ల పట్టుకున్నాడు. ఇంక ఒక్క మాట లేదు, అరగంటలో హెడ్‌ల్యాంపులు పెట్టుకుని దిగడం మొదలుపెట్టాం, ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ దాకా. దిగేకొద్దీ వాడి మాట తేటపడటం నేను విన్నాను. ఈ గీత పరీక్ష మీరూ నేర్చుకోండి, ప్రతి రాత్రి ఒకళ్ళనొకళ్ళు చూసుకోండి.

స్టెప్ 7: కాలాపత్తర్, పొద్దున్నా సాయంత్రమా

గోరక్‌షెప్ వెనకే ఉన్న నల్లటి గుట్ట కాలాపత్తర్, దాదాపు 5,550 మీటర్లు (మ్యాపుని బట్టి కొంచెం తేడా ఉంటుంది), ఎక్కడానికి రెండు గంటలు. అందరూ తెల్లవారుజామున నాలుగింటికి చలిలో ఎక్కుతారు. కానీ ఒకటి ఆలోచించండి, మనం ఎవరెస్ట్‌కి పడమర వైపు ఉంటాం, సూర్యుడు దాని వెనక నుంచి వస్తాడు, అంటే మనకి కనిపించే ముఖం నీడలోనే ఉంటుంది. అదే సాయంత్రం అయితే ఎండ నేరుగా ఆ ముఖం మీద పడుతుంది, చుట్టూ అన్నీ చీకటైపోయాక ఎవరెస్ట్, నుప్త్సే మాత్రం బంగారు రంగులో, తర్వాత ఎర్రగా, చివరికి ఎవరెస్ట్ కొస ఒక్కటే వెలుగుతూ మిగులుతుంది. ఆకాశం తేటగా ఉంటే, ఒంట్లో బాగుంటే, గైడ్ తోడుంటే సాయంత్రమే ఎక్కండి, దిగేటప్పుడు చీకటి కాబట్టి హెడ్‌ల్యాంప్ ఉండాలి. మధ్యాహ్నమే మబ్బు పట్టిన రోజైతే మర్నాడు పొద్దున్నే వెళ్ళండి.

పైన నిలబడితే మీ వెనకే తెల్లటి గోపురంలా పుమోరి (7,161), ఆ పేరు పెట్టింది బ్రిటిష్ పర్వతారోహకుడు మలోరీ, పెళ్ళికాని కూతురు అని అర్థం. అక్కడ్నుంచి కుడికి తిరుగుతూ లింగ్‌త్రెన్, ఖుంబుత్సే, కనుమ సందులోంచి చాంగ్‌త్సే, తర్వాత పశ్చిమ భుజం, నల్లటి ఎవరెస్ట్, చివరికి నుప్త్సే. ఇక్కడ నుప్త్సేయే ఎత్తుగా కనిపిస్తుంది, దగ్గర కాబట్టి, మోసపోకండి. ల్హోత్సే దాని చాటున ఉండి సరిగ్గా చిక్కదు. ఎవరెస్ట్ పైభాగంలో అడ్డంగా లేత పసుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది చూడండి, అది పూర్వం సముద్రం అడుగున ఏర్పడిన సున్నపురాయి, కొండతో పాటు అంత పైకి లేచింది.

స్టెప్ 8: దిగడం

మూడు నాలుగు రోజుల్లో లుక్లా వచ్చేస్తారు. కర్రలు వాడండి, మోకాళ్ళ మీద బరువు తగ్గుతుంది. టైమ్, ఓపిక రెండూ ఉన్నవాళ్ళు చో లా కనుమ దాటి గోక్యో రీ (5,357) కూడా కలుపుకోవచ్చు, అక్కడ్నుంచి చో ఓయు, ఎవరెస్ట్, ల్హోత్సే, మకాలు నాలుగు ఎనిమిది వేల మీటర్ల శిఖరాలూ ఒకేసారి కనిపిస్తాయి, కానీ ఆ కనుమ మీద మంచుంటే క్రాంపాన్లు (బూట్లకి కట్టుకునే ఇనప ముళ్ళు), అనుభవమున్న గైడ్ లేకుండా వెళ్ళొద్దు. తెంగ్‌బోచే దాటాక ఆ చదును దారిలో ఒకసారి వెనక్కి తిరిగి నామ్చే పైన నేర్చుకున్న వరస మళ్ళీ చెప్పుకోండి, ఈసారి ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. లుక్లా నుంచి తిరుగు విమానంలో సీటు కుడి పక్కది తీస్కోండి.